గుండె జబ్బు ఉన్న బిడ్డ స్పృహ తప్పి పడిపోతుంటే: విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైద్యురాలిని కాను. మద్దిలపాలెంలో ఉంటున్న ఒక తల్లిని, వృత్తిరీత్యా బడి ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి 9వ ఏట మొదటిసారి స్పృహ తప్పి పడిపోయింది. దానికి కారణం గుండెలోని విద్యుత్ లోపమని తెలియడానికి 14 నెలలు పట్టింది. ఆ తర్వాత ఆసుపత్రి వరండాల్లో మా వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కనున్న తల్లిదండ్రులు నన్ను అడిగినవీ, నేను వైద్యులను అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి బిడ్డ బరువును బట్టి, జబ్బును బట్టి మీ వైద్యులే నిర్ణయించాలి.

స్పృహ తప్పినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

మెదడుకు వెళ్ళే రక్తం కొన్ని సెకన్ల పాటు చాలినంత అందకపోతే బిడ్డ స్పృహ కోల్పోయి పడిపోతుంది. నేల మీద పడుకున్న స్థితిలోకి రాగానే రక్తం మళ్ళీ మెదడుకు చేరుతుంది కాబట్టి సాధారణంగా నిమిషం లోపే కళ్ళు తెరుస్తుంది. పిల్లలు సొమ్మసిల్లడానికి చాలాసార్లు గుండె కారణం కాదు. ఉదయం ఏమీ తినకుండా వచ్చి బడి ప్రార్థనలో ఎండకు నిలబడటం, సూది మందుకు భయపడటం, రక్తం చూడటం వంటి సందర్భాల్లో నరాల ప్రతిస్పందన వల్ల రక్తనాళాలు వదులై, గుండె వేగం తగ్గి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఇది భయపెట్టేదే గాని ప్రాణం తీసేది కాదు.

గుండె వల్ల వచ్చే స్పృహ కోల్పోవడం అరుదు. గుండె లయ తప్పి మరీ వేగంగానో మరీ నెమ్మదిగానో కొట్టుకున్నప్పుడు, లేదా గుండె నుంచి రక్తం బయటికి వెళ్ళే దారి ఇరుకైనప్పుడు ఇది జరుగుతుంది. ఒకసారి తేరుకున్న బిడ్డ మరోసారి తేరుకుంటుందన్న భరోసా ఇందులో లేదు. అందుకే గుండె జబ్బు ఉందని ముందే తెలిసిన బిడ్డ పడిపోతే, వేరే కారణం రుజువయ్యేదాకా గుండె వల్లనే పడిపోయిందనుకుని పరీక్షలు చేయించడం క్షేమం.

ఏది మామూలు సొమ్మసిల్లడమో, ఏది ప్రమాదమో ఇంట్లోవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

పడే ముందు పది సెకన్లలో బిడ్డ ఏం చేస్తోంది అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. వైద్యుడి దగ్గర ఉండే ఏ యంత్రమూ ఆ పది సెకన్లను వెనక్కి తేలేదు. వాటిని చూసినవారే చెప్పాలి.

మామూలుగా సొమ్మసిల్లే బిడ్డకు ముందుగా సూచనలు అందుతాయి. కళ్ళు బైర్లు కమ్ముతాయి, కడుపులో తిప్పుతుంది, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడుతుంది, "అమ్మా, నాకేదోలా ఉంది" అని చెప్పే వ్యవధి ఉంటుంది. ఆ సమయంలో సాధారణంగా నిలబడి ఉంటుంది. గుండె వల్ల పడే బిడ్డకు చాలాసార్లు ఆ వ్యవధి దొరకదు. పరుగెత్తుతూ పరుగెత్తుతూనే కూలిపోతుంది. మెట్లెక్కుతూనో, ఈదుతూనో, గట్టి చప్పుడుకు ఉలిక్కిపడో, కోపంతోనో ఏడుపుతోనో ఉద్వేగం పొందినప్పుడో పడిపోతుంది. పడుకుని ఉండగానో నిద్రలోనో స్పృహ తప్పడం కూడా ప్రమాద సూచనే. పడే ముందు గుండె దడదడలాడినట్టు, ఛాతీ నొప్పి పుట్టినట్టు బిడ్డ చెప్పినా, చేయి అడ్డం పెట్టుకోలేక ముఖం పగిలేలా పడినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో కారణం తెలియకుండా హఠాత్తుగా మరణించి ఉన్నా, లోగడ గుండెకు ఆపరేషన్ జరిగి ఉన్నా, "రేపు చూద్దాం" అనుకోకుండా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

పరుగు ఆపి నిలబడిన తర్వాత కళ్ళు తిరగడానికీ, పరుగు మధ్యలో పడిపోవడానికీ చాలా తేడా ఉంది. మొదటిది ఎక్కువగా నీరసం, వేడి, నీరు తాగకపోవడం వల్ల వస్తుంది. రెండోదాన్ని గుండె వల్ల వచ్చినదిగానే చూడాలి. డ్రిల్ మాస్టారు "ఆడుతూ పడిపోయిందండీ" అన్నప్పుడు ఈ రెండింటిలో ఏదో నిలదీసి అడిగి తెలుసుకోండి.

మా బాబుకు ఫిట్స్ అన్నారు. అది గుండె వల్ల కూడా కావచ్చా?

కావచ్చు. దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మా ఇంట్లో 14 నెలలు పోయింది ఇక్కడే.

మొదటిసారి తెల్లవారుజామున 5 గంటలకు ఫోన్ అలారం మోగింది. పాప ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నా చేయి పట్టుకోబోయి పక్కకు ఒరిగిపోయింది. కళ్ళు పైకి తేలిపోయాయి, చేతులు నాలుగైదుసార్లు కొట్టుకున్నాయి, పెదవులు తెల్లబడ్డాయి. అర నిమిషంలో లేచి, "ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని స్పష్టంగా అడిగింది. ఒక ఆసుపత్రిలో ఫిట్స్ అని చెప్పి మందులు మొదలుపెట్టారు. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ తీశారు, మెదడుకు స్కానింగ్ చేశారు, రెండూ బాగున్నాయన్నారు. గుండె విద్యుత్‌ను గీతలుగా చూపే ఈసీజీ మాత్రం ఎవరూ తీయలేదు, మాకూ అడగాలని తెలియలేదు. రెండోసారి బడిలో గంట మోగినప్పుడు పడింది. ఫిట్స్ మందు మోతాదు పెంచారు. మూడోసారి దీపావళి నాడు పక్కింటివారు కాల్చిన టపాకాయకు పడింది. అప్పుడు చూసిన పిల్లల గుండె వైద్యుడు మా కాగితాలు తెరవకముందే, "పడే ముందు ఏదైనా చప్పుడు వినబడిందా అమ్మా?" అని అడిగారు. మూడు సందర్భాలూ ఒకదాని పక్కన ఒకటి నాకు అప్పుడే కనిపించాయి. పది నిమిషాల్లో ఈసీజీ తీశారు. దీర్ఘ క్యూటీ సిండ్రోమ్ అని తేలింది.

మెదడుకు రక్తం అందకపోతే కాళ్ళూ చేతులూ కొద్దిసేపు కొట్టుకోవడం సహజం. అంతమాత్రాన అది మూర్ఛ (ఫిట్స్) వ్యాధి అయిపోదు. మూర్ఛలో కొట్టుకోవడం సాధారణంగా ఎక్కువసేపు, ఒక క్రమంలో సాగుతుంది, నాలుక పక్క అంచు తెగవచ్చు, తేరుకున్నాక చాలాసేపు బిడ్డ మగతగా, అయోమయంగా ఉంటుంది. స్పృహ తప్పడంలో ముందు ఒళ్ళు వాలి ముఖం పాలిపోయి, ఆ తర్వాత కొద్ది కుదుపులు వచ్చి, లేవగానే తానెక్కడుందో బిడ్డకు తెలుస్తుంది. అయితే ఈ తేడాలు ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండవు. మూత్రం పోవడం రెండింటిలోనూ జరుగుతుంది. కాబట్టి మొదటిసారి ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ, స్పృహ తప్పిన ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా ఈసీజీ తీయించమని చేతులు జోడించి అడుగుతున్నాను. నొప్పి లేని పరీక్ష, కొద్ది నిమిషాల పని. ఇప్పటికే ఫిట్స్ మందు వాడుతున్నవారు మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు. ఈసీజీ తీయించి, వైద్యుడు చూసి చెప్పాకే మార్చాలి.

బిడ్డ పడిపోయిన క్షణంలో ఏం చేయాలి?

వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండో బడి సంచో పెట్టి ఎత్తు చేయండి. మెడ దగ్గర గుండీలు, టై, బెల్టు వదులు చేయండి. చుట్టూ గుమికూడిన వారిని జరగమనండి. మనవాళ్ళు ప్రేమకొద్దీ చేసే మొదటి పని ఎత్తి కూర్చోబెట్టడం. దానివల్ల తల పైకి లేచి మెదడుకు రక్తం ఇంకా ఆలస్యమవుతుంది. నోట్లో నీళ్ళు పోయవద్దు, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పళ్ళ మధ్య చెంచా పెట్టవద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల మేలు లేదు, విలువైన సెకన్లు పోతాయి. వాంతి వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఇవన్నీ చేస్తూనే ఛాతీ వైపు చూడండి. ఊపిరి మామూలుగా ఆడుతోందా లేదా అన్నది పది సెకన్లలో తేల్చుకోవాలి. ఒకరు గడియారం చూడండి, వీలైతే మరొకరు ఫోన్‌లో వీడియో తీయండి. ఇది నిర్దయగా అనిపించవచ్చు కానీ వైద్యుడికి ఆ వీడియో పేజీల కొద్దీ చెప్పిన మాటల కంటే ఎక్కువ చెబుతుంది.

ఊపిరి ఆడకపోతే?

పిలిచినా పలకక, ఊపిరి ఆడక, లేదా చేప నోరు తెరిచినట్టు ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస మాత్రమే తీస్తుంటే గుండె ఆగిపోయినట్టే భావించి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 108కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచండి. గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, ఛాతీ మందంలో మూడో వంతు, అంటే బడి పిల్లల్లో సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా నొక్కి వదలాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120. నేర్చుకున్నవారు 30 సార్లు నొక్కాక ముక్కు మూసి నోటి ద్వారా 2 సార్లు ఊపిరి ఇవ్వాలి. నేర్చుకోనివారు ఆపకుండా నొక్కుతూ ఉండటం ఏమీ చేయకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. రైల్వే స్టేషన్, విమానాశ్రయం, పెద్ద మాల్ వంటి చోట్ల గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే చిన్న యంత్రం అందుబాటులో ఉందేమో వెంటనే అడగండి. అది మాటలతో దారి చెబుతుంది.

పుస్తకం చదివి ఈ పని చేయలేము. గుండె జబ్బు ఉన్న బిడ్డ ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దలు బొమ్మ మీద సాధన చేసి ఉండాలి. మా ఇంట్లో నేనూ, మా అత్తగారూ నేర్చుకున్నాం. 64 ఏళ్ళ వయసులో ఆవిడ చెంగు బిగించి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టిన తీరు నేను మరచిపోలేను.

ఏయే గుండె జబ్బుల్లో స్పృహ తప్పుతుంది?

స్థూలంగా రెండు రకాలు. మొదటివి గుండె ఆకారం బాగానే ఉండి విద్యుత్ వ్యవస్థలో లోపం ఉన్నవి. దీర్ఘ క్యూటీ సిండ్రోమ్‌లో ప్రతి స్పందన తర్వాత గుండె మళ్ళీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సందులో లయ తప్పితే బిడ్డ కూలిపోతుంది. ఇందులో ఒకటో రకం పిల్లలు శ్రమలో, ముఖ్యంగా ఈతలో, రెండో రకం పిల్లలు హఠాత్తు చప్పుడుకు, మూడో రకం పిల్లలు ఎక్కువగా నిద్రలో ప్రమాదంలో పడతారు. క్యాటకాలమినర్జిక్ వీటీ అనే మరో జబ్బులో విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ పూర్తిగా మామూలుగా ఉంటుంది. పరుగెత్తినప్పుడో ఉద్వేగపడినప్పుడో మాత్రమే లయ చెదురుతుంది. "ఈసీజీ బాగుంది, ఇక భయం లేదు" అని ఇంటికి వచ్చేయకూడదని చెప్పేది ఈ జబ్బు కోసమే. వుల్ఫ్-పార్కిన్సన్-వైట్ అనే స్థితిలో గుండెలో అదనపు విద్యుత్ దారి ఉంటుంది, రక్తనాళంలోంచి గుండెలోకి పంపిన సన్నని తీగతో ఆ దారిని చాలామందిలో కాల్చివేసి నయం చేయవచ్చు. పుట్టుకతో పూర్తి హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల విద్యుత్ సంకేతం కింది గదులకు అందకపోవడం) ఉన్న పిల్లల్లో గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంది, అవసరమైతే పేస్‌మేకర్ అమరుస్తారు.

రెండోవి గుండె నిర్మాణంలో లోపాలు. గుండె కండరం అతిగా మందం కావడం, మహాధమని కవాటం ఇరుకు కావడం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో రక్తపోటు పెరగడం వంటివాటిలో శ్రమపడినప్పుడు రక్తం చాలినంత బయటికి రాదు. చిన్నప్పుడు ఆపరేషన్ చేయించుకుని హాయిగా ఉన్న పిల్లల్లో సైతం ఏళ్ళ తర్వాత ఆ కుట్ల మచ్చల దగ్గర లయ తప్పే అవకాశం ఉంది. "ఆపరేషన్ అయిపోయింది కదా" అని ఏటేటా చూపించుకోవడం మానేసినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మా చంటిబిడ్డ ఏడుస్తూ ఏడుస్తూ నీలంగా మారి వాలిపోతోంది. ఇది కూడా అదేనా?

రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. గుండె బాగున్న పిల్లలు కూడా 6 నెలల నుంచి 5, 6 ఏళ్ళ మధ్య దెబ్బ తగిలినప్పుడో, అడిగింది ఇవ్వనప్పుడో ఏడ్చి ఊపిరి బిగబట్టి స్పృహ తప్పుతారు. ఇది వయసుతో పోతుంది. రక్తంలో ఇనుము తక్కువైతే ఎక్కువసార్లు వస్తుంది కాబట్టి రక్త పరీక్ష చేయించాలి. ఒక్కసారి ఈసీజీ కూడా తీయిస్తే మనసు కుదుటపడుతుంది.

ఫాలోట్స్ టెట్రాలజీ వంటి పుట్టుక లోపం ఉన్న బిడ్డ విషయం పూర్తిగా వేరు. ఇందులో మంచి రక్తం, చెడు రక్తం కలుస్తాయి. ఉదయం నిద్ర లేచాక, పాలు తాగేటప్పుడు, ఏడ్చినప్పుడు, మల విసర్జనకు ముక్కినప్పుడు ఊపిరితిత్తులకు వెళ్ళే దారి మరింత బిగుసుకుని, బిడ్డ ఎగరొప్పుతూ నల్లగా నీలిరంగుకు మారి సోలిపోతుంది. వెంటనే బిడ్డ మోకాళ్ళను ఛాతీకి ఆనించి మడిచి పట్టుకోవాలి. ఒళ్ళో పెట్టుకుని ఆ భంగిమలోనే భుజానికి హత్తుకున్నా సరిపోతుంది. గాభరాపడి అరిస్తే బిడ్డ ఏడుపు పెరిగి పరిస్థితి విషమిస్తుంది. నడక వచ్చిన పిల్లలు ఆడుతూ ఆడుతూ తమంతట తామే మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చోవడం కూడా ఇందుకే. అలా కూర్చునే బిడ్డను సోమరి అని గదమాయించవద్దు. ఇటువంటి దాడి ఒక్కసారి వచ్చినా ఆపరేషన్ విషయం త్వరగా తేల్చుకోవాలని అర్థం. అదే రోజు వైద్యుడికి చూపించండి.

ఏ పరీక్షలు చేస్తారు?

ఈసీజీ మొదటిది. దీర్ఘ క్యూటీ అనుమానం ఉంటే వైద్యులు క్యూటీని, అంటే ప్రతి స్పందనలో గుండె మళ్ళీ సిద్ధమయ్యేదాకా పట్టే వ్యవధిని, గుండె వేగానికి సరిచేసి కొలుస్తారు. అది 480 మిల్లీ సెకన్లు, అంతకు మించి ఉంటే జబ్బు ఉందనడానికి బలమైన ఆధారం. 460 దాటి, కారణం తెలియని స్పృహ కోల్పోవడం కూడా ఉంటే గట్టిగా అనుమానించాలి. యంత్రం అచ్చువేసిన అంకె మీద ఆధారపడకుండా వైద్యుడు స్కేలుతో స్వయంగా కొలవడం మంచిది. మా పాప కాగితం మీద యంత్రం వేసిన అంకె కంటే వైద్యుడు కొలిచినది ఎక్కువగా వచ్చింది. గుండె నిర్మాణం చూడటానికి ఎకో, శ్రమలో లయ చూడటానికి ట్రెడ్‌మిల్, 24 గంటల లయను నమోదు చేయడానికి హోల్టర్ పెడతారు. ఎప్పుడో నెలలకోసారి పడిపోయే బిడ్డకు చర్మం కింద చిన్న రికార్డర్ అమర్చవలసి రావచ్చు. కొన్నిసార్లు జన్యు పరీక్ష కూడా చెబుతారు.

పరీక్షకు వెళ్ళేటప్పుడు పడిన ప్రతి సందర్భాన్నీ తేదీ, సమయం, చోటు, అప్పుడు చేస్తున్న పని, చివరగా తిన్నది, వాడిన మందు అన్న వరుసలో ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకువెళ్ళండి.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎలా?

బిడ్డ పడిపోయి తేరుకోకపోతే, లేదా పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉంటే 108 అంబులెన్స్ పిలవండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సేవ ఉచితం. ఆటోలో ఎక్కించుకుని బీచ్ రోడ్డు రద్దీలో ఇరుక్కోవడం కంటే దారిలోనే ఆక్సిజన్ ఇవ్వగల వాహనం మంచిది. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో పిల్లల విభాగమూ, గుండె జబ్బుల విభాగమూ ఉన్నాయి. 1923 నుంచి ఉన్న ఆ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి కూడా పిల్లలను తీసుకువస్తారు, కాబట్టి ఓపీకి ఉదయాన్నే చేరుకోవడం, బిడ్డకు తిండీ నీళ్ళూ వెంట ఉంచుకోవడం అవసరం. ప్రైవేటులో చూపించేవారు పెద్దల గుండె వైద్యుడితో సరిపెట్టుకోకుండా పిల్లల గుండె వైద్యుడు ఎవరో అడిగి వెళ్ళండి.

ఒకప్పుడు ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు అనేకం ఉన్నాయి. అనుబంధ ఆసుపత్రిలో వైద్య మిత్రను కలిసి మీ బిడ్డ చికిత్స అందులో వస్తుందో లేదో ముందే తేల్చుకోండి. 104కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చే వైద్య బృందాలు 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించి పై ఆసుపత్రికి పంపుతాయి. బృందం వచ్చిన రోజు మీ బిడ్డ పడిపోతోందన్న సంగతి దాచకుండా చెప్పండి. ఉపాధ్యాయురాలిగా చెబుతున్నాను, చాలామంది ఆడపిల్లల తల్లులు పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందని నోరు విప్పరు. ఆ మౌనం వల్ల బిడ్డ ప్రాణానికే ముప్పు.

మందుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

దీర్ఘ క్యూటీ, క్యాటకాలమినర్జిక్ వీటీ ఉన్న పిల్లలకు ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు ముఖ్యమైన ఆధారం. ఇవి జబ్బును తీసేయవు, శ్రమలో, భయంలో ఒంట్లో పెరిగే ఆడ్రినలిన్ దెబ్బ నుంచి గుండెను కాపాడతాయి. ఒక్క పూట తప్పినా ఆ రక్షణ తగ్గుతుంది. హఠాత్తుగా ఆపేయడం మరీ ప్రమాదం. పండగకు ఊరు వెళ్తూ మందు ఇంట్లో మరచిపోవడం ఎంత సులభమో నాకు తెలుసు కాబట్టి మా పాప బడి సంచిలో ఒక పట్టీ, మా అమ్మగారింట్లో ఒక పట్టీ ఎప్పుడూ ఉంటాయి. చిన్నపిల్లలు ఏమీ తినకుండా ఈ మందు వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఉబ్బసం ఉంటే వైద్యుడికి ముందే చెప్పాలి.

దీర్ఘ క్యూటీ ఉన్నవారికి కొన్ని మామూలు మందులే విషం. గొంతు నొప్పికి దుకాణంలో ఇచ్చే అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, డాంపెరిడోన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్ ఈ జాబితాలోవి. జాబితా ఇంకా పెద్దది. జబ్బు పేరు, వాడే మందు, వాడకూడని మందులు రాసిన కార్డును గుండె వైద్యుడి సంతకంతో చేయించి ప్రతి వైద్యుడికీ, దంత వైద్యుడికీ, మందుల దుకాణంలోనూ చూపించండి.

ఎండాకాలంలో, విరేచనాలప్పుడు ఏం చేయాలి?

మన ఊరి మే నెల ఉక్కపోతలో చెమట రూపంలో నీరూ లవణాలూ పోతాయి. విరేచనాలూ వాంతుల్లో పొటాషియం పడిపోతే దీర్ఘ క్యూటీ ఉన్న గుండె మరింత అస్థిరమవుతుంది. గుండె కండరం మందమైన పిల్లలకూ, ఫాలోట్ పిల్లలకూ ఒంట్లో నీరు తగ్గడం చాలా చెడ్డది. మజ్జిగ, చోడి అంబలి, తరవాణి, కొబ్బరినీళ్ళు మన ఇళ్ళలో ఉన్నవే. విరేచనాలకు ఓఆర్ఎస్ మొదటి గంటలోనే మొదలుపెట్టి, తాగింది నిలవకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. మామూలు సొమ్మసిల్లడానికి నీళ్ళూ ఉప్పూ పెంచమని చెబుతారు గాని, గుండె బలహీనంగా ఉండి నీరు తగ్గించే మందులు వాడే బిడ్డకు ఆ సలహా వర్తించదు. ముందు అడగండి. ఉపవాసాలు, 32 కిలోమీటర్ల సింహాచలం గిరి ప్రదక్షిణ ఇటువంటి పిల్లలతో చేయించవద్దు. అప్పన్నకు మొక్కు ఉంటే పెద్దలు తీర్చవచ్చు.

ఆటలు, సముద్రం?

పూర్తిగా కట్టిపడేయడం అవసరమా కాదా అన్నది జబ్బును బట్టి ఉంటుంది. కారణం తేలేదాకా పరుగు పందేలు, కబడ్డీ, ఈత ఆపాలి. తేలాక చాలామంది పిల్లలు వైద్యుడు గీసిన హద్దుల్లో ఆడుకోవచ్చు. ఈత మాత్రం నీళ్ళలో స్పృహ తప్పితే క్షణాల్లో మునిగిపోయే పని. రుషికొండలో గానీ, యారాడలో గానీ మోకాలి లోతు దాటనివ్వవద్దు, పక్కన చేయి అందేంత దూరంలో పెద్దవారు ఉండాలి. చప్పుడుకు పడిపోయే మా పాపను నేవీ డే విన్యాసాలకు ఆర్కే బీచ్‌కు తీసుకువెళ్ళం. విమానాలు తల మీదుగా దూసుకుపోయే ఆ దృశ్యం ఆమెకు ఎంతో ఇష్టం. టీవీలో శబ్దం తగ్గించి చూస్తుంది. ఇంట్లో అలారం తీసేశాం, నేనే వెళ్ళి పాదం నిమిరి లేపుతాను.

బడికి ఏమని చెప్పాలి?

అంతా చెప్పండి. ప్రధానోపాధ్యాయులకు ఒకే ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. జబ్బు పేరు, ఏ పరిస్థితిలో పడిపోతుందో, పడితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉండాలి. క్లాసు టీచరు, డ్రిల్ టీచరు, ఆయా, బస్సు డ్రైవరు నలుగురికీ ఆ కాగితం చేరిందో లేదో మీరే చూసుకోండి. మా పాపను గంటకు దూరంగా ఉన్న గదిలో, కిటికీ పక్కన కూర్చోబెట్టమని అడిగితే ఆ బడిలో సంతోషంగా ఒప్పుకున్నారు.

మేనరికం వల్ల వచ్చిందా? మిగతా పిల్లలకూ చూపించాలా?

దీర్ఘ క్యూటీ సాధారణంగా తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చినా చాలు వస్తుంది. ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది, మేనరికంతో పని లేదు. జర్వెల్, లాంజ్-నీల్సన్ 1957లో వర్ణించిన తీవ్రమైన రూపం మాత్రం ఇద్దరి నుంచీ లోపం అందితేనే వస్తుంది. ఆ పిల్లలు చెవుడుతో పుడతారు. మేనమామ, మేనబావ పెళ్ళిళ్ళు జరిగే మన కుటుంబాల్లో దాని అవకాశం పెరుగుతుంది. కాబట్టి చెవుడుతో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక్కసారి ఈసీజీ తీయించాలి.

ఇంట్లో ఒకరికి వంశపారంపర్య జబ్బు తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ పరీక్ష చేయించుకోవాలి. మా వారికి 41 ఏళ్ళు, ఎన్నడూ పడిపోలేదు. ఆయన ఈసీజీలోనూ అదే లోపం కనిపించింది. ఈ విషయంలో తల్లి వైపా, తండ్రి వైపా అని నిందలు వేసుకోవద్దని వేడుకుంటున్నాను. ఎవరూ తెలిసి ఇచ్చింది కాదు.

దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం తప్పా?

మా అత్తగారు ఇప్పటికీ ఆదివారం దిష్టి తీస్తారు, నేను అడ్డు చెప్పను. మందు వేళ దాటకుండా, ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం కాకుండా ఉంటే చాలు.

బిడ్డకు ఎంతవరకు చెప్పాలి?

వయసుకు తగినంత, అబద్ధం లేకుండా. మొదట్లో మేము దాచాము. పాప తనలో తాను ఇంకా పెద్ద భయాలు ఊహించుకుని రాత్రుళ్ళు నిద్రపోయేది కాదు. తర్వాత గుండె వైద్యుడే ఆమె ఈసీజీ కాగితం చేతికిచ్చి, ఏ గీత పొడవుగా ఉందో వేలితో చూపించారు. ఆ రోజు నుంచి మందు వేళ తానే గుర్తు చేయడం మొదలుపెట్టింది. దడగా అనిపిస్తే వెంటనే నేల మీద కూర్చుని పక్కవారిని పిలవాలని నేర్పించాం. ఇప్పుడు 13 ఏళ్ళు. మొన్న గొంతు నొప్పికి మందుల దుకాణంలో అజిత్రోమైసిన్ పట్టీ ఇవ్వబోతే, నేను నోరు తెరిచేలోపే సంచి జిప్పు తీసి తన కార్డును గల్లా బల్ల మీద పెట్టి, "ఇది నాకు పడదండీ, కింద రాసి ఉంది చూడండి" అంది.